నూకరాజు ముమ్మర గాలింపు

గవ్వలరేవులో ఏ వస్తువు పోయినా పోలీసులు వెతకరు, గాలిస్తారు. వెతకడమంటే ఇంట్లో తాళంచెవి కనబడనప్పుడు మామూలు జనం మంచం కింద దూరి చేసుకునే పని. పోలీసులది గాలింపు. అదైనా ఉత్త గాలింపు కాదు, ముమ్మర గాలింపు. మేక పోతే ముమ్మరంగా గాలిస్తారు, మోటారు సైకిలు పోతే ముమ్మరంగా గాలిస్తారు. పోగొట్టుకున్నవాడు మర్నాడు స్టేషనుకెళ్ళి "ఏమైనా తెలిసిందా బాబూ?" అని అడిగితే "ముమ్మరం చేశాం" అని చెప్పి పంపించేస్తారు. వాడు ఇంటికొచ్చి, పాపం చాలా కష్టపడుతున్నారే అని పెళ్ళాంతో చెప్పుకుంటాడు.

ఆ ఊరి గాలింపులన్నిట్లోకీ గొప్పది మాజీ మునిసిపల్ చైర్మన్ లోకనాథంగారి పళ్ళ సెట్టు గాలింపు. మూడేళ్ళ కిందట సముద్రం ఒడ్డున ఏదో ఉత్సవం ప్రారంభిస్తూ, ఊరి అభివృద్ధి గురించి గట్టిగా ఒక మాట అనబోయి ఆయన తుమ్మారు. బంగారు తొడుగు వేయించుకున్న రెండు ముందు పళ్ళతో సహా పైసెట్టు మొత్తం వేదిక మీంచి ఎగిరి ఇసుకలో పడింది. తీసిద్దామని వెయ్యిమంది ఒక్కసారి పరిగెత్తుకొచ్చారు. వెయ్యిమంది కాళ్ళ కింద పడిన వస్తువు ఏమవుతుందో అదే అయింది. కానీ చైర్మన్‌గారు ఒప్పుకోలేదు. ఎవరో ఎత్తుకుపోయారన్నారు. "నా ఫళ్ళు నాకు ఫట్టుకొచ్చి ఇచ్చేవరకూ వేరే సెట్టు ఫెట్టుకోను" అని సభాముఖంగా శపథం పట్టారు.

ఇంకేముంది, మూడు ప్రత్యేక బృందాలు బయల్దేరాయి. ఒకటి గోవాకి, ఒకటి కన్యాకుమారికి, ఒకటి ఊటీకి. పళ్ళు గోవా ఎందుకెళ్తాయండీ అని ఒక విలేకరి అడిగితే, "అదే మా అనుమానమూను, అందుకే వెళ్తున్నాం" అన్నారు ఇన్‌స్పెక్టర్ బలరామమూర్తిగారు. మూడేళ్ళనుంచీ బృందాలు వెళ్తున్నాయి, వస్తున్నాయి, మళ్ళీ వెళ్తున్నాయి. వచ్చినప్పుడల్లా స్టేషను సిబ్బందికి జీడిపప్పు, యూకలిప్టస్ నూనె తెస్తున్నాయి.

ఇలా సాఫీగా సాగిపోతున్న శాఖకి చేపలవీధి కుర్రాళ్ళ వల్ల తలవంపులొచ్చాయి. వీధిలో ఒక ముసలమ్మ మేక తప్పిపోతే, వాళ్ళు పొద్దున్న బయల్దేరి భోజనాలవేళకి దాన్ని పట్టుకొచ్చేశారు. అప్పటికి పోలీసులు ఆ మేక కోసం రెండో దఫా ముమ్మరం చేసే ఏర్పాట్లలో ఉన్నారు. బలరామమూర్తిగారికి ఇది గుండెలో గుచ్చుకుంది. వారం తిరక్కుండా ఆటోకి మైకు కట్టించి ఊరంతా చాటించారు: "ఇందుమూలముగా సమస్త ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా, సర్కిల్ పరిధిలో శాఖాపరమైన అనుమతి లేనిదే ఏ జీవియు ఏ విధమైన గాలింపు చర్యలు చేపట్టరాదు."

"ఏ జీవియు" అని ఆయన కుక్కల్ని దృష్టిలో పెట్టుకుని రాశారట. మాట మాత్రం ఊరంతా పాకింది. కూరగాయల బజారులో ఆడవాళ్ళు ఆటోని ఆపి "బియ్యం గాలించుకోవచ్చా, మానీమంటారా?" అని నిలదీశారు. మర్నాడు అదే ఆటోలోంచి వివరణ వచ్చింది: "గృహావసరాల నిమిత్తం, బియ్యములోని రాళ్ళ వరకు మాత్రమే."

ఇక్కడికి మన కథానాయకుడు వస్తాడు. ఒకరు కాదు, ఇద్దరు. మొదటివాడు లైట్‌హౌసు వీధిలో హోమియో వైద్యం చేసే ఉమాపతి. రెండోవాడు నూకరాజు. నూకరాజు చేప.

ఉమాపతికి రోగులు తక్కువ. వచ్చినవాళ్ళు కూడా తియ్యటి మాత్రల కోసం వచ్చే పిల్లలే. అందుకని మందుల గదిలో రోగులు కూర్చోవాల్సిన బల్ల తీసేసి, అక్కడ పెద్ద గాజు తొట్టి పెట్టి, సముద్రపు నీళ్ళు నింపి, అడుగున జానెడు మందాన మెత్తటి ఇసుక పరిచి అందులో నూకరాజుని పెంచుకుంటున్నాడు. దాని దగ్గరి చుట్టాన్ని మన ఊళ్ళల్లో ఇసుకదొందు అంటారు, పులుసు పెట్టుకుంటారు. నూకరాజు పులుసుకి పుట్టినవాడు కాడు. పాలలాంటి తెల్లటి ఒళ్ళు, పెళ్ళికొడుకుని చేసినట్టు తలంతా పసుపు, కళ్ళ కింద ఒక నీలం చార. వాడికి ఒకటే పని. అడుక్కి దిగడం, నోటినిండా ఇసుక తీసుకోవడం, దవడలు ఆడించి అందులో ఉన్న సన్న పురుగుల్ని మింగి, శుభ్రమైన ఇసుకని మొప్పల్లోంచి ధారగా వదిలెయ్యడం. మళ్ళీ అడుక్కి దిగడం. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా ఇదే. ఆ ఇసుకలో దొరికేది వాడికి అరకడుపుకే చాలదని ఉమాపతికి తెలుసు. అందుకే పూటపూటా పచ్చిరొయ్యలు సన్నగా తరిగి తినిపిస్తాడు. తనకి భార్య వడ్డించే అన్నం మీద కూడా అంత శ్రద్ధ లేదు. పిల్లలు లేని ఆ ఇంట్లో నూకరాజంటే అతనికి ప్రాణం. ఈ సంగతి అతను దాచుకోలేదు కూడా. మొహమాటపడే వయసు దాటిపోయింది.

ఆ ప్రాణమే కొంప ముంచింది. ఊళ్ళో వెలువడే ఒక వారపత్రికకి ఉమాపతి నూకరాజు గురించి చిన్న వ్యాసం రాసి పంపించాడు. మంచి తెలుగు రాయాలని సరదా పడ్డాడు. పత్రిక వచ్చిన రోజు మధ్యాహ్నమే ఇంటి ముందు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ బలరామమూర్తి, ఆయన వెనకాల కానిస్టేబుల్ అసిరినాయుడు దిగారు. ఇన్‌స్పెక్టర్ చేతిలో పత్రిక ఉంది, అందులో ఒకచోట ఎర్రసిరాతో గీత ఉంది.

"'మా నూకరాజు తెల్లవారింది మొదలు ఇసుకను అణువణువూ గాలిస్తాడు.' ఈ వాక్యం మీదేనా?"

"నాదేనండి. బావుందా?" అన్నాడు ఉమాపతి ఆశగా.

"బాగోగులు న్యాయస్థానం నిర్ణయిస్తుంది. సదరు నూకరాజు ఎక్కడ?"

ఉమాపతి తొట్టి వైపు చూపించాడు. ఆ సమయానికి నూకరాజు బాహాటంగా, పట్టపగలు, అధికారి సమక్షంలో గాలిస్తున్నాడు.

"తండ్రి పేరు?" అన్నారు ఇన్‌స్పెక్టర్.

"సముద్రంలోవాళ్ళండి, నాకు తెలీదు."

"వివరాలు వెల్లడించుటకు నిరాకరించాడు" అని ఆయన అసిరినాయుడితో అని, మళ్ళీ పత్రిక చదివారు. "'రోజల్లా గాలించినా ఏమీ దొరకని రోజులుంటాయి. అయినా నూకరాజు విసుగు చెందడు.'" ఇక్కడ ఆయన గొంతు కాస్త మెత్తబడింది. "నిజంగానే విసుగు చెందడా?"

"చెందడండి. మర్నాడు మళ్ళీ మొదట్నుంచి మొదలెడతాడు."

బలరామమూర్తిగారు తొట్టి దగ్గర వంగి చాలాసేపు చూశారు. ఆయన సర్వీసులో అలాంటి సిబ్బందిని చూడలేదు. తరవాత నిటారుగా నిలబడి, అనుమతి లేని గాలింపు నేరం కింద తొట్టిని, నీటిని, నూకరాజుని స్వాధీనం చేసుకుంటున్నట్టు ప్రకటించారు.

వంటింట్లో బియ్యం గాలిస్తున్న ఉమాపతి భార్య సత్యవేణి ఈ మాటలు విని, చేతిలో గిన్నె అలాగే పొయ్యి మీద పెట్టేసి బయటికొచ్చింది. "ఏటండీ ఇది! చేప ఇసుక తింటే కేసేటి? మా ఆయన ఏదో సోకుగా రాసుకున్నాడు. అది తినడమే, గాలించడం కాదు!"

"తినుటకా, గాలించుటకా అన్నది దర్యాప్తులో తేలుతుందమ్మా" అన్నారు ఇన్‌స్పెక్టర్. ఆ పూట ఆ ఇంట్లో అన్నం పంటికింద కరకరలాడింది.

స్టేషనులో మొట్టమొదట చేసిన పని తొట్టిలో ఇసుకంతా తోడెయ్యడం. నిందితుడు గాలించిన ఇసుక కాబట్టి అది సాక్ష్యం. దాన్ని సంచుల్లో పోసి, లక్క సీలు వేసి, పరీక్షకి పంపాలని వరండాలో పెట్టారు. నూకరాజు గాజు అడుగుమీద ముక్కు రాసుకుంటూ బిక్కమొహం వేశాడు. ఎలా చూసినా అక్కడే చచ్చిపోయేవాడు. కానీ అదే సాయంత్రం తనిఖీకి జిల్లా ఎస్పీగారొచ్చారు.

ఎస్పీగారికి కొత్త విధానాలంటే మోజు. వచ్చినప్పుడల్లా ఒక విధానం తెస్తారు, వెళ్ళేటప్పుడు దాన్ని మర్చిపోయి వెళ్తారు. బలరామమూర్తిగారు కేసంతా వివరించి, "సార్, ఏమీ దొరక్కపోయినా విసుగు చెందదు" అన్నారు.

"టీఏ?"

"అడగదు సార్."

"సెలవులు?"

"పెట్టదు సార్. పండగ అడ్వాన్సు కూడా లేదు."

ఎస్పీగారు టోపీ తీశారు. "మూర్తీ, మనం దీన్ని నిందితుడిగా చూస్తున్నాం. ఇది మనవాడయ్యా."

ఆ విధంగా నూకరాజు మీద కేసు ఎత్తేసి ఉద్యోగం ఇచ్చారు. కుక్కల దళం ఉండగా చేపల దళం ఎందుకు ఉండకూడదన్నది ఎస్పీగారి వాదన. 'జలచర గాలింపు విభాగం' అని తొట్టికి నీలం బోర్డు కట్టారు. హోదా హెడ్ కానిస్టేబులుతో సమానం కాబట్టి, కింది సిబ్బంది తొట్టి ముందునించి వెళ్ళేటప్పుడు సెల్యూట్ చెయ్యాలి. కొత్తగా చేరిన పోలీసుల్ని వరసగా తొట్టి ముందు నిలబెట్టి, గాలింపు అంటే ఏమిటో చూసి నేర్చుకోమనేవారు. ఉప్పునీళ్ళ పాళ్ళు తెలిసినవాడు ఊళ్ళో ఇంకెవడూ లేడు గనక ఉమాపతిని రోజుకొకసారి రమ్మన్నారు. వచ్చినందుకు జీతం లేదుగానీ, గేటు దగ్గర జేబులు తడిమేవారు.

"మనవేటి సేత్తన్నామో అదే సేత్తంది గదా బాబూ" అన్నాడు తొట్టికి కాపలా వేసిన అసిరినాయుడు. "మనం పిటీసను నోట్లో ఏసుకుంతాం, కూసేపు దవడలాడించి సెవుల్లోంచి ఒగ్గేత్తాం. ఈడు మొప్పల్లోంచి ఒగ్గేత్తన్నాడు. నాకైతే కొత్తగా ఏటీ నేర్సుకున్నట్టు అనిపించలేదు."

ఉమాపతికి నవ్వు రాలేదు. అతని చూపు నూకరాజు పొట్ట మీదే ఉంది. పాత ఇసుక స్థానంలో శాఖవారు తెల్లటి అలంకరణ ఇసుక తెప్పించారు. దాన్ని ఏడుసార్లు కడిగి, ఉడకబెట్టి, ఎండబెట్టి మరీ పోశారు. అద్దంలా మెరుస్తోంది. అందులో పురుగు కాదుగదా పురుగు నీడ కూడా లేదు. పాపం నూకరాజుకి ఆ సంగతి తెలీదు. అడుక్కి దిగుతున్నాడు, నోటినిండా తీసుకుంటున్నాడు, వదిలేస్తున్నాడు, మళ్ళీ దిగుతున్నాడు. సందర్శకులు చూసి "ఎంత పని! ఎంత పని!" అని ముచ్చటపడుతున్నారు. రోజురోజుకీ పొట్ట వీపుకంటుకుపోతోంది.

మూడోరోజు ఉమాపతి రుమాల్లో రొయ్య ముక్కలు చుట్టి తెచ్చాడు. తొట్టిలో వెయ్యబోతుంటే బలరామమూర్తిగారు చూశారు.

"ఏమిటది డాక్టరుగారూ?"

"రొయ్యలండి. ఆకలితో ఉన్నాడు."

"విధి నిర్వహణలో ఉన్న శాఖా సిబ్బందికి బయటి వ్యక్తి తినుబండారం ఇవ్వజూపుటను ఏమంటారో తెలుసా?" ఆయన గొంతు తగ్గించారు. "లంచం అంటారు. ఇక్కడ అలాంటివి నడవవు."

అసిరినాయుడు అప్పుడే ఎవరో పిటీషనుదారు తెచ్చిన మినపట్టు తింటున్నాడు. నమలడం ఆపి గోడ వైపు తిరిగాడు. ఆ స్టేషను చరిత్రలో బయటి తిండి ముట్టకుండా పని చేసిన ఒకే ఒక్క ఉద్యోగి నూకరాజు.

ఉమాపతి ఇంటికెళ్తూ దారిలో ఏడ్చాడు. ఇంకో వారం ఇలాగే గడిస్తే నూకరాజు బతకడు. అది అతనికి లెక్క వేసుకోనక్కర్లేకుండానే తెలుసు. ఒళ్ళు చిక్కాక అలాంటి చేపని మళ్ళీ తేరుకునేలా చెయ్యడం ఎవరి వల్లా కాదు. ఇంటికొచ్చి సత్యవేణితో చెప్తే ఆవిడ "ఆళ్ళ మాటే ఆళ్ళకి అప్పజెప్పాలండి. మన మాట ఆళ్ళకి ఎక్కదు" అంది.

మర్నాడు ఉమాపతి ఇన్‌స్పెక్టరు ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. "అయ్యా, నూకరాజు గాలించే ఇసుకలో ఏమీ లేదండి."

"ఏమీ లేనిచోటనే ఎక్కువగా గాలించవలసి ఉంటుంది. ఉన్నచోట గాలించడం ఎంతసేపు?"

"నిజమేనండి. కానీ ఆ ఇసుక బజార్లో కొన్నది. ప్రైవేటు ఇసుక. రేపు ఎస్పీగారు పత్రికలవాళ్ళ ముందు ప్రదర్శన పెట్టిస్తున్నారు కదా, ప్రభుత్వ సిబ్బంది ప్రైవేటు ఇసుక గాలిస్తే ఎవరైనా ప్రశ్నిస్తారేమో అని..."

బలరామమూర్తిగారి మొహంలో రంగు మారింది. "శాఖాపరమైన ఇసుక కావాలి" అన్నారు, అదేదో తనకే తట్టినట్టు.

శాఖాపరమైన ఇసుక స్టేషను వెనకాలే ఉంది, కొండలా. సముద్రం ఒడ్డున ఉత్సవం పందిరి విప్పిన రోజే దొంగతనంగా ఇసుక తోలుకుపోతున్న లారీ ఒకటి పట్టుబడింది. లారీని ఎవరో వచ్చి విడిపించుకుపోయారు. ఇసుక కోసం ఎవరూ రాలేదు. అప్పట్నుంచీ దాని మీద పిల్లులు పడుకుంటున్నాయి.

ఉమాపతి ఎత్తు ఏమిటంటే, తెల్ల ఇసుకలో రొయ్యముక్క పడితే మైలుదూరానికి కనిపిస్తుంది, ఈ మట్టిరంగు ఇసుకలో అయితే దాచిపెట్టొచ్చు. "కాస్త కడిగి పోద్దామండి" అన్నాడు.

"కడగడమంటే?"

"నీళ్ళల్లో వేసి, చెత్తా చెదారం పోయేలా..." నోటి చివరదాకా వచ్చిన మాటని ఉమాపతి మింగేశాడు. ఇన్‌స్పెక్టర్ పట్టేసుకున్నారు.

"గాలించడం! ఆ పని మీరు చేస్తే నేరం, మా కానిస్టేబుళ్ళు చేస్తే నూకరాజు అధికారాల్లో జోక్యం. ఉన్నది ఉన్నట్టు పొయ్యండి."

తెల్ల ఇసుక తోడేసి, ఉన్నది ఉన్నట్టే నాలుగు తట్టలు పోశారు. నీళ్ళు కాఫీ రంగుకి తిరిగాయి. అసిరినాయుడు గోడ వైపు తిరిగి, "నానిటు సూత్తన్నాను బాబూ. ఎంతసేపు సూడమంతారు?" అన్నాడు. అతను సున్నం పెచ్చులు చూస్తున్నంతలో ఉమాపతి రొయ్యముక్కలూ, ఒడ్డునుంచి తెచ్చిన తడి ఇసుక రెండు గుప్పెళ్ళూ ఆ బురదలో కలిపేశాడు. ఇన్నాళ్ళకి నూకరాజు దవడలకి పని తగిలింది. వాడు మింగాడో లేదో ఆ నీళ్ళల్లో కనబడలేదుగానీ, మింగాడనే అనుకుని ఉమాపతి ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాడు.

ప్రదర్శన మునిసిపల్ హాల్లో పెట్టారు. తొట్టిని వేదికెక్కించి బంతిపూల దండ వేశారు. నీళ్ళు తేరుకున్నాయి. ఇసుక స్టేషను పెరట్లోదేనని, శాఖాపరమైనదని తొట్టికి చీటీ కూడా అంటించారు. ఎస్పీగారు అధ్యక్షులు, మాజీ చైర్మన్ లోకనాథంగారు ముఖ్య అతిథి. పత్రికలవాళ్ళు ముందు వరసలో, ఉమాపతీ సత్యవేణీ చివరి వరసలో కూర్చున్నారు.

ముఖ్య అతిథి మైకందుకున్నారు. "ఫోలీసులు ఫడుతున్న ఫాట్లు నేను స్వయంగా చూశాను. నా ఫళ్ళ కోసం గోవా ఫోయారు, ఊటీ ఫోయారు. చలిలో ఫడుకున్నారు. ఇఫ్ఫుడు చేఫని కూడా ఫనిలో ఫెట్టారు. వీళ్ళని ఎంత ఫొగిడినా తక్కువే!" మైకు తడిసిపోయింది. చప్పట్లు మోగాయి.

తరవాత ఎస్పీగారు తన చొక్కా గుండీ ఒకటి తెంపి, అందరికీ చూపించి, తొట్టిలో ఒక మూల ఇసుకలో గుచ్చారు. "గాలించు!" అన్నారు.

బలరామమూర్తిగారు విలేకరుల చెవిలో ముందుజాగ్రత్తగా చెప్తున్నారు: "గుండీ దొరకడం, దొరక్కపోవడం అప్రస్తుతం. గాలింపు జరిగిందా లేదా అన్నదే ప్రధానం."

నూకరాజు గుండీ వైపు కన్నెత్తి చూడలేదు. దానికి ఎదురుమూలకి వెళ్ళాడు. ఆ జాతి చేపలకి ఒక అలవాటుంది, పడుకోడానికి ఏ రాయి కిందో బొరియ తవ్వుకుంటాయి. బురదలో రాత్రే వాడు ఏదో గట్టి వస్తువు చూసిపెట్టుకున్నట్టున్నాడు. నోటినిండా ఇసుక తీసి పక్కన పోశాడు. మళ్ళీ తీశాడు. ఇసుక జారింది. ఏదో తళుక్కుమంది. హాల్లో అందరూ మెడలు చాచారు. ఇంకోసారి, ఇంకోసారి. ఇసుక గబగబా కిందికి దిగిపోయి, తొట్టి మూలనుంచి చక్కటి పళ్ళవరస ఒకటి సభ వైపు తిరిగి నవ్వింది. ముందు రెండూ బంగారంవి. నూకరాజు వాటి వెనక్కి దూరి, పళ్ళ కింద సందులోంచి పసుపు తల బయటపెట్టి చూశాడు.



"నా ఫళ్ళు!" అని కేక పెట్టారు లోకనాథంగారు. వయసు మర్చిపోయి కుర్చీ దాటి, పంచె మోకాళ్ళదాకా ఎగ్గట్టి, తొట్టిలో భుజందాకా చెయ్యి పెట్టారు. నూకరాజు తప్పుకున్నాడు. ఆయన పళ్ళు పైకి తీసి, విదిలించి, ఎవరూ ఆపేలోగా నోట్లో పెట్టేసుకున్నారు. టక్కుమని కూర్చున్నాయి.

"పళ్ళు!" అన్నారాయన. మూడేళ్ళ తరవాత ఆయన నోటివెంట వచ్చిన మొదటి నికార్సయిన 'ప' అది. ఆ రుచి మరిగి ఆగలేకపోయారు. "పళ్ళు! పోలీసుల పెరట్లో ఇసుకలో పెట్టుకుని ప్రపంచమంతా పిక్నిక్‌లా? పనికిమాలిన, పాడు, పోరంబోకు..." అక్కడినుంచి పత్రికలవాళ్ళు రాసుకోలేనివి కూడా కొన్ని అన్నారు. అన్నీ 'ప'తోనే.

సరిగ్గా అప్పుడే బలరామమూర్తిగారి జేబులో ఫోను మోగింది. కంగారులో స్పీకరు నొక్కుకుపోయింది. "సార్, గోవా బృందం సార్! పళ్ళు ఇక్కడే ఉన్నట్టు గట్టి సమాచారం. ఇంకో నెలరోజులు పొడిగిస్తే చాలు సార్." వెనకనుంచి అలల చప్పుడు, ఎవరో ఈల వెయ్యడం కూడా వినిపించాయి.

మర్నాడు స్టేషనులో విచారణ జరిగింది. పళ్ళు మూడేళ్ళు పెరట్లో ఎందుకున్నాయన్నది విచారణాంశం కాదు. అభియోగమల్లా నూకరాజు మీదే. గుండీని గాలించమని స్పష్టమైన ఆదేశముండగా, ఆదేశం లేని పళ్ళను వెలికితీయుట. పైగా గుండీ ఇంతవరకూ దొరకలేదు.

"గాలింపు వేరు, దొరకబుచ్చుకొనుట వేరు" అన్నారు ఎస్పీగారు బాధగా. "రెండూ కలిపేస్తే శాఖ ఏమైపోవాలి మూర్తీ? ఈ విధానం మనకి పనికిరాదు." అని గుండీ లేని చొక్కాతోనే కారెక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం బలరామమూర్తిగారు ఉమాపతిని పిలిచి, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ చూపించారు. మనిషి ఒక్కరోజులో నీరసించిపోయారు.

"డాక్టరుగారూ, మీ చేపని మీరు తీసుకుపోండి."

ఉమాపతి కళ్ళు తుడుచుకుని, "కాగితమేమైనా ఇస్తారా?" అన్నాడు.

"అదే చిక్కు. విడుదల చేసినట్టు కాగితం ఇవ్వను. ఎందుకంటారా, పళ్ళు దొరికిపోవడంతో మూడు బృందాలూ ఇంటికొచ్చేస్తాయి. వస్తే కూర్చోడానికి ఇక్కడ కుర్చీలు లేవు. ఇంతమందికి చేతినిండా పని ఉండాలంటే ఏదో ఒకటి పోవాలి కదా?" ఆయన ముందుకి వంగారు. "నూకరాజు విధులనుంచి పరారయ్యాడు. అర్థమైందా?"

"మరి మా ఇంట్లో ఉంటే పట్టుకోరా అండీ?"

ఇన్‌స్పెక్టర్ మొట్టమొదటిసారి నవ్వారు. "ఉన్నచోట మేమెప్పుడైనా గాలించామా?"

నూకరాజు మూత బిగించిన బకెట్లో ఇంటికొచ్చాడు. సత్యవేణి గుమ్మంలో దిష్టి తీసింది. సీలు వేసిన సంచులు పరీక్షకి వెళ్ళకుండా స్టేషను వరండాలోనే పడి ఉంటే అసిరినాయుడు ఎవరూ చూడకుండా ఖాళీ తొట్టితో పాటు రిక్షాలో వేయించాడు. తడి ఆరని పాత ఇసుక మీద కొత్త సముద్రపు నీళ్ళు పోసి, తొట్టి తేరుకునేదాకా ఉమాపతి పక్కనే కూర్చున్నాడు. వాడికి మళ్ళీ పొట్ట వస్తుందా రాదా అని రోజూ గాజుకి మొహం ఆనించి చూశాడు. నెల తిరిగేసరికి వచ్చింది. మొదట సన్నగా, తరవాత నున్నగా. ఉమాపతి ఆ రోజు వీధి పిల్లలందరికీ జబ్బు లేకుండానే తియ్యటి మాత్రలు పంచాడు.

ఈ మధ్యన ఒక సాయంత్రం అసిరినాయుడు యూనిఫారంలో వచ్చి, చెప్పులు బయట విడిచి, తొట్టి ముందు పీట మీద కూర్చున్నాడు. సత్యవేణి వంటింట్లో ధైర్యంగా బియ్యం గాలిస్తోంది, చప్పుడు బయటికి వినిపిస్తోంది. ఉమాపతి టీ గ్లాసు అందించాడు.

"డూటీ మీదొచ్చాను బాబూ. నూకరాజు కోసం మూడు టీములు బయల్దేరాయి. గోవాకొకటి, కన్యాకుమారికొకటి, ఊటీకొకటి. ఊరు నాకొగ్గేశారు."

"ఊటీలో సముద్రం లేదు కదయ్యా?"

"అందికే అక్కడ అనుమానం ఎక్కువ."

అసిరినాయుడు టీ ఊదుకుంటూ నూకరాజుని చూశాడు. నూకరాజు అడుక్కి దిగి, నోటినిండా ఇసుక తీసుకుని, దవడలాడించి, మొప్పల్లోంచి ధారగా వదిలేశాడు. అసిరినాయుడి చెయ్యి అలవాటుగా సెల్యూట్‌కి లేచి, చెవిదాకా వెళ్ళి, గోక్కోవడంగా మారింది.

"ఈ ఈదంతా ముమ్మరంగా గాలించీసాను బాబూ" అన్నాడు గ్లాసు కింద పెడుతూ. "ఎక్కడా ఆసూకీ లేదు. రేపు మళ్ళీ వత్తాను, కొంచెం అల్లం ఎయ్యమనండి."